ప్లేనర్ బేరింగు ఆరు నెలల్లో రెండోసారి పోయింది, వారం వారం గ్రీజు కొడుతున్నా!

పటమట_ప్లేనర్
12 అంగుళాల ప్లేనర్, చెక్క చిత్రిక పట్టే మిషను. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 2880 ఆర్‌పీఎం. మోటారు పుల్లీ 5 అంగుళాలు, కట్టర్ బ్లాకు (బ్లేడులు బిగించి తిరిగే దిమ్మ) పుల్లీ 3 అంగుళాలు, ఎ సెక్షన్ వీ బెల్టులు రెండు. బ్లాకుకి రెండు పక్కలా 6205 బేరింగులే, బేరింగు కూర్చునే హౌసింగు మీద గ్రీజు ఎక్కించే నిపిల్ ఉంది. పుల్లీ వైపు బేరింగు ఆరు నెలల్లో ఇది రెండోసారి పోవడం. అవతలి వైపుది మాత్రం నిక్షేపంలా ఉంది. కొత్తది వేశాక కూడా గంట ఆడిస్తే హౌసింగు మీద చెయ్యి ఆనడం లేదు. గ్రీజు విషయంలో లోటు చెయ్యలేదు, ప్రతి శనివారం రెండు నిపిళ్లకీ పదేసి పంపులు కొడుతున్నాం. బయటికొచ్చిన గ్రీజు పొట్టుతో కలిసి హౌసింగు చుట్టూ పిడకలా అట్టకడుతోంది. కోసేది ఎక్కువగా టేకు, మలేషియా సాల్. లోపం గ్రీజులో ఉందా, బేరింగే నకిలీదా?

ఆటోనగర్_ఫిట్టర్
వారానికి పది పంపులా? సగం జబ్బు అక్కడే ఉందండీ.

6205 బయటి వ్యాసం 52 మి.మీ., వెడల్పు 15 మి.మీ. ఈ రెంటినీ గుణించి 0.005తో హెచ్చవేస్తే మళ్లీ పెట్టాల్సిన గ్రీజు గ్రాముల్లో వస్తుంది. ఇక్కడ 3.9, అంటే 4 గ్రాములు. అది కూడా వారానికి కాదు. రోజుకి ఆరేడు గంటలు ఆడే మిషనుకి రెండు మూడు నెలలకోసారి చాలు. మీ గన్ను పంపుకి ఎంత పెడుతుందో కాగితం మీద పది పంపులు కొట్టి తూకం వెయ్యండి. గ్రాము నుంచి గ్రామున్నర మధ్య వచ్చిందనుకుంటే మీరు ఒక్కో బేరింగులోకి వారానికి 10, 15 గ్రాములు నెడుతున్నట్టు.

ఖాళీ లేకుండా కూరిన గ్రీజుని బంతులు ప్రతి చుట్టులోనూ చిలకాలి. ఆ చిలకడంతోనే వేడి పుడుతుంది. వేడికి గ్రీజులోని నూనె కారిపోయి, దాన్ని పట్టి ఉంచే సబ్బు ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత బేరింగు ఎండు మీద తిరిగినట్టే.

చిత్రిక_తెనాలి
ఫిట్టర్ గారు చెప్పింది కరెక్టే, కానీ ఒక్క వైపే ఎందుకు పోతోంది? రెండు వైపులా పది పంపులే కొడుతున్నారుగా.

ఆటోనగర్_ఫిట్టర్
అందుకే సగం అన్నాను. మిగతా సగం బెల్టు బిగువు అని నా అనుమానం. పటమట గారూ, రెండు పుల్లీల నడిమధ్యలో బెల్టుని బొటనవేలితో నొక్కితే ఎంత దిగుతోంది?

పటమట_ప్లేనర్
పెద్దగా దిగదండీ, రెండు మూడు మి.మీ. ఉంటుందేమో. జారకుండా గట్టిగానే బిగించాం. సెంటర్ల మధ్య దూరం సుమారు 450 మి.మీ.

బెల్టు_పుల్లీ_గుంటూరు
దొరికింది. వీ బెల్టుకి లెక్క మీటరు దూరానికి 16 మి.మీ. దిగుడు. 450 మి.మీ.కి 7 మి.మీ. దిగాలి. ఆ 7 దిగడానికి ఒక్కో బెల్టు మీద కిలో నుంచి కిలోన్నర బరువు పడితే సరిపోయినట్టు. బొటనవేలు ఒక్కొక్కరిది ఒక్కో బలం కాబట్టి వేలిని నమ్మొద్దు. చేపలు తూచే స్ప్రింగు కాటా కొక్కెం బెల్టుకి తగిలించి లాగండి, పక్కన స్కేలు పెట్టుకోండి.

మీది ఇప్పుడు వీణ తీగలా ఉంది. ఆ లాగుడంతా నేరుగా పుల్లీ వైపు బేరింగు మీదే పడుతుంది, అవతలి వైపు దానికి నొప్పే తెలియదు. మోటారు ముందు బేరింగు కూడా ఓసారి చూస్కోండి, అది కూడా అదే బాధలో ఉంటుంది.

రోహిణి_కార్తె
బెల్టు వదులు చేస్తే టేకు పలక పెట్టగానే జారుతుంది, కీచుమంటుంది. అందుకే అందరూ బిగిస్తారు.

బెల్టు_పుల్లీ_గుంటూరు
@రోహిణి_కార్తె జారేది వదులు వల్ల కాకపోవచ్చు. ముందు పుల్లీ గాడిలోకి టార్చి వేసి చూడండి. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అడుగంటిందన్నమాట. వీ బెల్టు పట్టేది పక్క గోడలతో, అడుగు గాడికి తగలనే కూడదు. బెల్టు గానీ పుల్లీ గానీ అరిగి అడుగు ఆనితే ఎంత బిగించినా జారుతుంది. బెల్టు మీద గ్రీజు తుంపర పడినా జారుతుంది, వారానికి పది పంపులు కొట్టే చోట అది పడకుండా ఉండదు. ఇంకోటి, రెండు బెల్టుల్లో ఒకటి పాతది ఒకటి కొత్తది వెయ్యకండి. కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది. మారిస్తే జతగా మార్చండి.

పుల్లీలు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారంతో చూడండి. దారం రెండు పుల్లీల అంచులకీ నాలుగు చోట్ల ఆనాలి.

పొట్టుమూట
గ్రీజు ఏది వాడుతున్నారో ఎవరూ అడగలేదేంటి?

పటమట_ప్లేనర్
మొదట్లో గోధుమరంగు ఏపీ3 గ్రీజు ఉండేది. అది అయిపోయాక ఇంట్లో ఉన్న నీలం గ్రీజు. పేరు డబ్బా మీద చెరిగిపోయింది.

పొట్టుమూట
రెండు గ్రీజులు కలిశాయి. ఇది కూడా జబ్బే. గ్రీజు అంటే స్పాంజిలో నూనె లాంటిది. స్పాంజి లిథియం సబ్బుది కావచ్చు, కాల్షియందీ, పాలీయూరియాదీ కావచ్చు. పడని రెండు స్పాంజిలు కలిస్తే రెండూ మెత్తబడి నూనెని వదిలేస్తాయి. రంగుని బట్టి రకం చెప్పలేం, రంగు కంపెనీ వాళ్లు కలిపేది. డబ్బా మీద పేరు చెరిగిపోతే ఆ గ్రీజు గేటు మడతబందులకి వాడండి, బేరింగుకి వద్దు.

లిథియం ఈపీ2 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే నెంబర్ 2 గ్రీజు) ఒక్కటి పెట్టుకోండి. సర్వో జెమ్ ఈపీ2 లాంటిది ఏ ఆయిల్ కొట్టులోనైనా దొరుకుతుంది.

రోహిణి_కార్తె
విజయవాడ ఎండకి ఈపీ2 కరిగిపోతుంది. రేకుల షెడ్డులో మే నెలలో 45 డిగ్రీలు. నెంబర్ 3 గట్టిగా ఉంటుంది, అదే వాడాలి. మా దగ్గర అన్ని మిషన్లకీ అదే.

పొట్టుమూట
@రోహిణి_కార్తె నెంబర్ 3 వాడటం తప్పేం కాదు, కారణం మాత్రం అది కాదు. లిథియం గ్రీజు కరిగి బొట్టు కట్టేది 180 డిగ్రీల దగ్గర. 45 డిగ్రీల ఎండ దాన్నేం చెయ్యలేదు. పాతకాలం కాల్షియం కప్పు గ్రీజైతే 100 లోపే విరిగిపోతుంది, ఎడ్లబండి కందెన నాటి నుంచి మనవాళ్లకి ఆ భయం ఉండిపోయింది. 2కీ 3కీ తేడా గట్టిదనం ఒక్కటే. మిషను నిలువు షాఫ్టుదైతే, కారుడు ఎక్కువుంటే 3 మంచిది. అడ్డంగా 4800 ఆర్‌పీఎంలో తిరిగే చిన్న బేరింగుకి 2 హాయిగా పాకుతుంది.

చిత్రిక_తెనాలి
ఒక ముఖ్యమైన సంగతి. ఆ 6205 ఓపెన్ బేరింగా, రబ్బరు సీలు ఉన్న టూ ఆర్‌ఎస్ రకమా? ఈ మధ్య కొట్టులో 6205 అంటే చాలాసార్లు సీలుదే చేతిలో పెడుతున్నారు. సీలు బేరింగుకి బయటి నుంచి గ్రీజు లోపలికి వెళ్లదు. గన్ను ఒత్తిడికి సీలు లోపలికి నొక్కుకుపోయి బంతుల్ని దూరదూరంగా పట్టి ఉంచే కేజ్‌కి రాసుకుంటుంది.

పటమట_ప్లేనర్
చూడలేదండీ. పాతది దాచాను, చూసి చెప్తా. ఓపెన్‌దే వెయ్యాలా అయితే?

చిత్రిక_తెనాలి
నా ఓటు టూ ఆర్‌ఎస్‌కి, నిపిల్ మూసేసి. దాని వేగం హద్దు 8 వేల పైనే, మీది 4800. రంపపు పొట్టు మధ్య బతికే బేరింగుకి సీలే రక్ష. జెడ్‌జెడ్ అడగొద్దు, ఆ రేకు మూతకి సన్నటి సందు ఉంటుంది, సాండింగు దుమ్ము అందులోంచి దూరుతుంది.

ఆటోనగర్_ఫిట్టర్
నేను ఒప్పుకోను. ఓపెన్ బేరింగు, సరైన మోతాదు గ్రీజు ఉంటే కొత్త గ్రీజు పాతదాన్నీ దుమ్మునీ బయటికి నెట్టుకుంటూ వస్తుంది. సీలు బేరింగు అరిగేదాకా ఆడి ఒకేసారి చచ్చిపోతుంది.

చిత్రిక_తెనాలి
బయటికి నెట్టడానికి దారి ఉండాలిగా ఫిట్టరన్నా. పెద్ద మిషన్ల హౌసింగుకి కింద డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది. ఈ చిన్న ప్లేనర్లకి నిపిల్ ఉంటుంది గానీ బయటికి దారి ఉండదు, ఫెల్టు ముక్క ఒక్కటే. నెట్టిన గ్రీజు దాన్ని చీల్చుకుని కట్టర్ వైపు వస్తుంది. అక్కణ్నుంచి చెక్క మీద పడితే పాలిష్ పట్టదు.

ఆటోనగర్_ఫిట్టర్
డ్రెయిన్ లేకపోతే మీ మాటే సరి. చిన్న ప్లేనర్‌కి సీలుదే వెయ్యండి.

వేసేటప్పుడు బయటి రింగు మీద సుత్తితో కొట్టకండి, ఆ దెబ్బ బంతుల మీదుగా వెళ్లి గాడిలో చుక్కలు పడతాయి. షాఫ్టు మీదకి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి మాత్రమే ఆనే పైపు ముక్క పెట్టాలి. ఓపెన్ బేరింగైతే నూనెలో 80, 90 డిగ్రీలు వేడి చేస్తే దానంతటదే జారుతుంది. సీలుదాన్ని నూనెలో ముంచకూడదు, లోపలి గ్రీజు పాడవుతుంది. షాఫ్టు మీద గీతలుంటే 400 నెంబర్ గరుకు కాగితంతో ముందే నున్నగా చెయ్యండి. కట్టర్ బ్లాకుకి సీ3 (లోపల సందు ఎక్కువున్న రకం) అక్కర్లేదు, మామూలు సందుదే తీసుకోండి.

కొండపల్లి_పొణికి
గ్రీజు మిషను ఆడుతుండగా కొడితే సమానంగా పాకుతుందని మా దగ్గర ఆడుతుండగానే కొడతారు.

ఆటోనగర్_ఫిట్టర్
@కొండపల్లి_పొణికి కట్టర్ బ్లాకు దగ్గర ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. స్విచ్చి ఆపడం కూడా చాలదు, మెయిన్ ఆపి ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. సగం గ్రీజు పెట్టి, బ్లాకుని చెక్కముక్కతో నెట్టి పది చుట్లు తిప్పి, మిగతా సగం పెట్టండి. వేలితో తిప్పితే బ్లేడు తెగ్గోస్తుంది, ఆగి ఉన్నా సరే. మెడలో తువ్వాలు తీసేసి దగ్గరికి వెళ్లండి.

గ్రీజు పెట్టిన మొదటి రెండు మూడు గంటలు వేడి కాస్త పెరిగి తర్వాత దిగుతుంది. కంగారు పడి మళ్లీ కొట్టకండి.

సింగ్‌నగర్_థిక్‌నెస్సర్
సందు దొరికింది కాబట్టి అడుగుతున్నా. థిక్‌నెస్ ప్లేనర్ బెడ్ ఎత్తే చక్రం రెండు చేతులతో తిప్పాల్సి వస్తోంది. స్క్రూలకి రోజూ ఆయిల్ పోస్తున్నాం, ఇంకా బిగుస్తోంది.

పొట్టుమూట
పోసే ఆయిలే బిగిస్తోంది. పొట్టు గాలిలో ఉండే చోట బయటికి కనబడే మరకి ఆయిల్ పోస్తే అది పొట్టుని పిలిచి కూర్చోబెడుతుంది. రెండు మూడు నెలల్లో మర గాడిలో తారులాంటి ముద్ద తయారవుతుంది. ఒక స్క్రూ మర లోంచి దబ్బనంతో గీకి చూడండి, నల్లటి వత్తిలా వస్తుంది.

బెడ్ పూర్తిగా దించి, నైలాన్ బ్రష్షుని కిరసనాయిల్లో గానీ డీజిల్లో గానీ ముంచి మర వెంట తిప్పుతూ రుద్దండి. గుడ్డపీలికని తాడులా మెలిపెట్టి మరలో పెట్టి చక్రం తిప్పితే ముద్ద దానంతటదే బయటికొస్తుంది. బెడ్ పైకెత్తి అవతలి సగం. పూర్తిగా ఆరాక గ్రాఫైటు పొడి, లేకపోతే తెల్ల కొవ్వొత్తి మైనం మర మీద రుద్ది చక్రం నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడించండి. పొడి కందెనకి పొట్టు అంటదు. ఎత్తే స్తంభాలకీ అంతే, మైనం పూసి గుడ్డతో మెరిసేదాకా తుడవాలి.

రోహిణి_కార్తె
అంటే ఆయిలే వద్దంటారా?

పొట్టుమూట
మూసి ఉన్న చోట ఆయిల్, తెరిచి ఉన్న చోట పొడి కందెన. ఫీడ్ రోలర్ల గన్‌మెటల్ బుష్‌లకి ఆయిల్ రంధ్రం ఉంటుంది, రోజూ మొదలెట్టే ముందు 68 నెంబర్ ఆయిల్ రెండు మూడు చుక్కలు. ఫీడ్ గొలుసుకి అదే ఆయిల్ బ్రష్షుతో లోపలి వైపు పూసి, పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచెయ్యాలి. గొలుసుకి ఆయిల్ కావల్సింది పిన్నుల లోపల, పైన కాదు.

గేరుబాక్సు మూత తీసినప్పుడు లోపల వార్మ్ చక్రం ఇత్తడి రంగులో ఉంటే జీఎల్-5 రకం గేరాయిల్ పోయకండి, అందులోని మందు రాగి కలిసిన లోహాన్ని తింటుంది. వార్మ్ గేరుకి 320 లేదా 460 నెంబర్ గేరాయిల్. మట్టం చూపించే గాజు సగం దాకే.

చిత్రిక_తెనాలి
కాలిన ఇంజనాయిల్ మిషన్లకి పోసే అలవాటు మన వైపు చాలా ఉంది. దయచేసి మానండి. దాంట్లో ఇంజన్ అరిగిన లోహపు పొడి, మసి, ఆమ్లం ఉంటాయి. బుష్‌లకి గరుకు కాగితం వేసినట్టే. చర్మానికి కూడా మంచిది కాదు.

కృష్ణలంక_రంపం
టేబులు తుప్పు సంగతి కూడా చెప్పండి. వానాకాలం మొదలైతే పోత ఇనుము టేబులు మీద రాత్రికి రాత్రి అరచేతి ముద్రలు ఎర్రగా తేలుతున్నాయి. కొబ్బరినూనె రాస్తున్నాం.

చిత్రిక_తెనాలి
ఆ ముద్రలు చెమట ఉప్పువి. సాయంత్రం కట్టేసే ముందు పొడిగుడ్డతో తుడవడమే సగం మందు. కొబ్బరినూనె, వేరుశనగనూనె లాంటివి గాలికి ముక్కిపోతాయి, పైగా చెక్కకి మరక.

ఉన్న తుప్పుని కిరసనాయిలు వేసి 400 కాగితంతో, టేబులు పొడవునా ఒకే దిక్కుగా రుద్దండి. తుడిచి ఆరాక నేల పాలిష్ మైనం పల్చగా పూసి, పావుగంట ఆగి గుడ్డతో తోమాలి. నెలకోసారి చాలు, వానల్లో పదిహేను రోజులకోసారి. చెక్క కూడా వెన్న మీద జారినట్టు జారుతుంది. సిలికాన్ ఉన్న స్ప్రే మాత్రం షెడ్డులోకే రానివ్వొద్దు. చెక్కకి అంటితే వార్నిష్ చేపకళ్లలా గుంటలు పడుతుంది, సాండింగు చేసినా వదలదు.

కప్పడానికి ప్లాస్టిక్ పట్టా వద్దు, కింద చెమ్మ పడుతుంది. పాత దుప్పటి మేలు.

కృష్ణలంక_రంపం
డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తే?

చిత్రిక_తెనాలి
అది నీటిని తోలడానికి పుట్టింది, పేరులోని డబ్ల్యూడీ అర్థమే అది. పట్టేసిన బోల్టుకి, తడి తుడవడానికి భేష్. పల్చటి పొర కాబట్టి వానాకాలం అంతా కాపాడదు. బేరింగులోకి కొడితే ఉన్న గ్రీజుని కడిగేస్తుంది.

నల్లపాడు_బ్యాండ్‌సా
బ్యాండ్‌సా వాళ్లకి ఒక మాట. బ్లేడుకి జిగురు పట్టకుండా డీజిల్ చుక్కలు వదిలేవాళ్లు చక్రం మీది రబ్బరు టైరు చూస్కోండి. డీజిల్‌కి రబ్బరు ఉబ్బి ఊడుతుంది. గుడ్డకి కొద్దిగా అద్ది, బ్లేడు ఆగి ఉన్నప్పుడు తుడిస్తే చాలు. పక్క గైడ్లు బ్లేడుకి కాగితం మందం దూరం, వెనక బేరింగు ఖాళీగా తిరిగేటప్పుడు బ్లేడుకి తగలకుండా అర మి.మీ. వెనక. ఖాళీలో కూడా ఆ బేరింగు తిరుగుతుంటే తొందరగా పోతుంది. రాత్రికి బ్లేడు బిగువు సడలించండి.

కొండపల్లి_పొణికి
సర్కులర్ రంపం చక్రానికి జిగురు పట్టి కాలిన వాసన వస్తే చాలామంది బేరింగు అనుకుంటారు. చక్రం విప్పి గోరువెచ్చని లీటరు నీళ్లలో చాకలి సోడా రెండు చెంచాలు వేసి పావుగంట నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో పళ్ల పక్కలు తోమండి. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, కార్బైడు పళ్లకి చేటు. కడిగాక బాగా ఆరబెట్టి పల్చగా ఆయిల్ తుడవాలి. బిగించేటప్పుడు ఫ్లాంజి ముఖాలు కూడా శుభ్రంగా ఉండాలి, అక్కడ చిన్న పొట్టు రేణువున్నా చక్రం ఊగుతుంది.

బెల్టు_పుల్లీ_గుంటూరు
గాలి కంప్రెసరుతో బేరింగుల మీద ఊదే వాళ్లు ఊదకండి, దుమ్ముని సీలు కింద నుంచి లోపలికి తోసేది అదే. ముందు బ్రష్షు, తర్వాత వాక్యూం. మోటారు వెనక ఫ్యాన్ మూత జల్లెడ మాత్రం వారానికోసారి దులపండి. ఆ కళ్లు మూసుకుపోతే మోటారు వేడి షాఫ్టు వెంట బేరింగుకీ పాకుతుంది.

పటమట_ప్లేనర్
ఆదివారం మొత్తం విప్పాం. మీరన్నవన్నీ ఉన్నాయి.

పాత బేరింగు టూ ఆర్‌ఎస్‌దే. ఒక వైపు సీలు లోపలికి నొక్కుకుపోయి అంచు తిరగబడింది. కొత్తగా వేసింది కూడా అదే రకం, దాని సీలు కూడా కొద్దిగా వంగింది. హౌసింగు నిండా గోధుమా నీలం కలిసి మజ్జిగలా పల్చబడ్డ గ్రీజు. తూకం వేస్తే మా గన్ను పంపుకి 1.2 గ్రాములు. అంటే వారానికి 12 గ్రాములు, లోపలికి వెళ్లింది సున్నా. పుల్లీ గాడి అడుగు మెరుస్తోంది, బెల్టులు అరిగాయి.

హౌసింగు డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, రెండు వైపులా కొత్త టూ ఆర్‌ఎస్, జత బెల్టులు వేశాం. స్ప్రింగు కాటాతో 7 మి.మీ.కి కిలోన్నర దగ్గర పెట్టాం. షెడ్డులో 36 డిగ్రీలున్నప్పుడు రెండు గంటలు టేకు ఆడించాక పుల్లీ వైపు 49, అవతల 46. జారుడు లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూశాం.

బెల్టు_పుల్లీ_గుంటూరు
మంచి కబురు. మెరిసే లోహం మీద ఆ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది, హౌసింగు మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి. కొత్త బెల్టులు ఒకటి రెండు రోజుల్లో సాగుతాయి, మూడో రోజు దిగుడు మళ్లీ కొలిచి సరిచెయ్యండి. అప్పుడూ 7 మి.మీ.కే, ఎక్కువ వద్దు.

పటమట_ప్లేనర్
టేపు మీద 53, 50 వచ్చింది. ఇది మామూలేనా?

ఆటోనగర్_ఫిట్టర్
మామూలే. 70 దాటితే ఆపి చూడండి. వారానికోసారి పొడవాటి స్క్రూడ్రైవరు మొన హౌసింగుకి ఆనించి పిడి చెవికి పెట్టి వినండి, చెయ్యి బెల్టుకి దూరంగా. సన్నటి ఒకే తీరు ఝుమ్మనాలి. గరగరమంటే దుమ్ము దూరింది, టకటకమంటే గాడిలో చుక్క పడింది.

పటమట_ప్లేనర్
నిపిళ్లు పీకేశాం, కుర్రాళ్లు అలవాటు కొద్దీ మళ్లీ కొట్టేస్తారని. ఆ రంధ్రంలో 8 మి.మీ. బోల్టు పెడుతుంటే రెండు చుట్లు ఎక్కి పట్టేస్తోంది.

ఆటోనగర్_ఫిట్టర్
ఇంకో చుట్టు కూడా తిప్పకండి. 8 మి.మీ. నిపిల్ మర 1 మి.మీ. పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం), మామూలు 8 బోల్టుది 1.25. బలవంతం చేస్తే హౌసింగు మర పోతుంది. 6 మి.మీ. నిపిలైతే మామూలు బోల్టే సరిపోయేది, రెంటికీ పిచ్ 1. మీరు 8 బై 1 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) అడిగి తెచ్చుకోండి, పొడవు మాత్రం పీకిన నిపిల్ మరని మించకూడదు, లోపల బేరింగుకి తగులుతుంది.